ఎవరి ఊరు? టోల్‌పడిల్ కూలీల చరిత్ర

పల్లెటూరు అనగానే చదువుకున్నవాళ్ళ మనసులో ఒక బొమ్మ మెదులుతుంది. పచ్చని చేలు, చల్లని గాలి, ఒకరి కష్టానికి ఒకరు ఆదుకునే మనుషులు. ఈ బొమ్మ మన సాహిత్యంలోనే ఉందనుకుంటే పొరపాటు. ఇంగ్లండులోనూ ఉంది. అక్కడ గడ్డి కప్పిన ఇళ్ళు, రాతితో కట్టిన చర్చి, పక్కన పారే వాగు. రెండు బొమ్మల్లోనూ కనపడని మనిషి మాత్రం ఒక్కడే. ఆ చేలల్లో పనిచేసిన కూలివాడు. అతని వైపు నిలబడి చూస్తే ఊరు ఎట్లా కనపడుతుందో తెలుసుకోవాలని దక్షిణ ఇంగ్లండులోని టోల్‌పడిల్ అనే చిన్న ఊరి చరిత్రను మేము ఇక్కడ పరిశీలిస్తున్నాం.

ఇంగ్లీషువాళ్ళ ఊరితో మనకేం పని అని కార్యకర్తలు అడగొచ్చు. పని ఉంది. భారతదేశపు గ్రామాలు ఎవరిమీదా ఆధారపడని చిన్న చిన్న గణతంత్రాలు అనే మాట మన పెద్దలు కనిపెట్టింది కాదు. కంపెనీ ప్రభుత్వంలో పెద్ద అధికారి చార్లెస్ మెట్‌కాఫ్ 1830లో రాసిన మాట అది. 1832లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ నివేదికలో అచ్చయింది. ఆ తర్వాత హెన్రీ మెయిన్ 1871లో తూర్పు, పడమర దేశాల గ్రామసమాజాల మీద పుస్తకం రాసి రెంటినీ ఒకే గాటన కట్టాడు. జాతీయోద్యమ నాయకులు ఈ మాటలనే తెచ్చుకుని గ్రామస్వరాజ్యం అన్నారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ మెట్‌కాఫ్ రాసిన ఆ భాగాన్నే చదివి వినిపించి, ఈ గ్రామాలే దేశానికి చేటు తెచ్చాయని చెప్పాడు. ఊరిని కాదు, మనిషిని రాజ్యాంగానికి ప్రాతిపదికగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నాడు.

మెట్‌కాఫ్ మాటలు లండన్‌లో అచ్చవుతున్న ఆ 1832 ప్రాంతంలోనే టోల్‌పడిల్ కూలీలు అయ్యా, వారానికి పది షిల్లింగులు ఇప్పించండి అని రైతుల చుట్టూ, మేజిస్ట్రేట్ల చుట్టూ తిరుగుతున్నారు. మన ఊళ్ళను గణతంత్రాలని మెచ్చుకున్న దొరల సొంత దేశంలో ఊరు ఎట్లా ఉండేదో చూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

వాగు పక్కన ఊరు

టోల్‌పడిల్ డోర్సెట్ జిల్లాలో, డోర్చెస్టర్ పట్టణానికి ఏడెనిమిది మైళ్ళ దూరంలో ఉంది. పక్కన పారే వాగు పేరు పిడిల్. ఆ వాగు వెంబడి పడిల్‌టౌన్, ఆఫ్‌పడిల్, బ్రయంట్స్‌పడిల్ అని వరసగా ఊళ్ళున్నాయి. టోల్‌పడిల్ పేరులో ఉన్నది టోలా అనే ఆమె. పదకొండో శతాబ్దంలో రాజుగారి కొలువులో ఉన్న ఒక పెద్దమనిషి భార్య. ఆమె ఈ ఊరిని ఆబట్స్‌బరీ మఠానికి దానం చేసింది. ఊరిని దానం చేయడమంటే భూమినీ, ఆ భూమిని దున్నే మనుషుల శ్రమనూ కలిపి ఇచ్చేయడమే. మన అగ్రహారాల శాసనాలు చదివినవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. దానమిచ్చినామె పేరు ఊరికి మిగిలింది. దున్నినవాళ్ళ పేర్లు మిగల్లేదు. 1539లో ఆ మఠం రద్దయింది. భూములు మఠం చేతినుంచి భూస్వాముల చేతికి పోయాయి. దున్నేవాడి చేతికి మాత్రం రాలేదు.

ఆ తర్వాతి మూడు శతాబ్దాలలో ఇంగ్లండు పల్లెను మార్చేసింది కంచెల ఉద్యమం. అంతకుముందు బీదవాడికి ఊరుమ్మడి నేల ఆసరాగా ఉండేది. అక్కడ ఆవును మేపుకునేవాడు, పుల్లలు ఏరుకునేవాడు. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా కంచెల చట్టాలు చేసి దాదాపు 68 లక్షల ఎకరాలను సొంత ఆస్తులుగా మార్చింది. పార్లమెంటులో కూర్చున్నది భూస్వాములే కాబట్టి ఆ పని చట్టబద్ధంగానే జరిగిపోయింది. చారెడు నేలా, ఒక పశువూ ఉన్న మనిషి వారం కూలి మీద బతికే మనిషయ్యాడు. అంతలో నూర్పిడి యంత్రాలు వచ్చి చలికాలంలో దొరికే ఆ కాస్త పనినీ మింగేశాయి. 1830లో దక్షిణ ఇంగ్లండు కూలీలు తిరగబడ్డారు. యంత్రాలు విరగ్గొట్టారు, గడ్డివాములు తగలబెట్టారు. ప్రభుత్వం 19 మందిని ఉరితీసి, దాదాపు 500 మందిని ద్వీపాంతరం పంపింది. డోర్సెట్‌లో ఆ కూలీల గుంపులను చెదరగొట్టడానికి ముందుకు వచ్చినవాళ్ళలో మోర్టన్ బంగళా భూస్వామి, మేజిస్ట్రేట్ జేమ్స్ ఫ్రాంప్టన్ ఒకడు. ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

తొమ్మిది, ఎనిమిది, ఏడు

టోల్‌పడిల్‌లో జార్జ్ లవ్‌లెస్ అనే దుక్కి దున్నే మనిషి ఉండేవాడు. 1797లో పుట్టాడు. భార్య, ముగ్గురు పిల్లలు. సొంతంగా చదవడం, రాయడం నేర్చుకున్నాడు. ఆదివారాల్లో మెథడిస్టు ప్రార్థనల్లో ప్రసంగాలు చేసేవాడు. జరిగిందంతా ఆ తర్వాత 1837లో ఒక చిన్న పుస్తకంగా రాసిపెట్టాడు. అతను రాశాడు కాబట్టే ఈ చరిత్ర మనకు కూలివాడి నోటినుంచి వినపడుతోంది.

అతను చెప్పిన ప్రకారం 1831-32లో కూలి పెంచమని అందరితోపాటు టోల్‌పడిల్ కూలీలూ అడిగారు. రైతులూ కూలీలూ కూర్చుని మాట్లాడుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎంత ఇస్తే ఇక్కడా అంతే ఇస్తామని రైతులు ఒప్పుకున్నారు. ఊరి చర్చి గురువు వారెన్ దానికి సాక్షి. కొద్దిరోజులకే మాట తప్పారు. పక్క ఊళ్ళలో పది షిల్లింగులు ఇస్తుంటే ఇక్కడ తొమ్మిదే ఇచ్చారు. తర్వాత ఎనిమిది చేశారు. కూలీలు మేజిస్ట్రేట్ల దగ్గరికి వెళ్ళారు. కూలి ఇంత ఇవ్వాలని ఏ చట్టమూ లేదు, యజమాని ఇచ్చినదానికి పనిచేయాల్సిందే అని అక్కడ తేల్చేశారు. ఆ పీఠం మీద కూర్చున్నది ఫ్రాంప్టనే. సాక్షిగా ఉన్న చర్చి గురువు తాను అట్లాంటి మాట చెప్పనేలేదని మాట మార్చాడు. కూలి ఏడు షిల్లింగులకు దిగింది. ఆరు చేస్తామన్నారు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. రైతులు, చర్చి, మేజిస్ట్రేటు వేరువేరు సంస్థలని పాఠ్యపుస్తకం చెప్తుంది. కూలివాడు వెళ్ళి తలుపు తడితే అన్ని ఇళ్ళలోనూ ఒకే ముఖం కనపడింది. గ్రామసమాజం అని పండితులు పొగిడిన సంబంధాలన్నీ ఆరోజు పనిచేశాయి. పనిచేసింది ఒకరికొకరు అండగా నిలబడటానికే. ఆ 'ఒకరికొకరు'లో కూలివాడు లేడు.

కూలీలు కట్టుకున్న సంఘం

మరి కూలీలకు ఊళ్ళో సొంతమైన చోటంటూ లేదా? రెండు మూడున్నాయి. ఒకటి 1818లో వెలసిన చిన్న మెథడిస్టు ప్రార్థనాలయం. పెద్ద చర్చిలో భూస్వామి చర్చి గురువుకు అండ, గురువు భూస్వామికి అండ. ఈ మట్టిగోడల ప్రార్థనాలయంలో మాత్రం దుక్కి దున్నేవాడు లేచి నిలబడి మాట్లాడొచ్చు. చదువు, నలుగురిలో మాట్లాడే ధైర్యం, లెక్కాపత్రం రాసుకోవడం, చందాలు వసూలు చేయడం ఇవన్నీ కూలీలు అక్కడే నేర్చుకున్నారు. రెండోది ఊరి మధ్యన ఉన్న సికమోర్ చెట్టు. కూలీలు ఆ చెట్టుకింద చేరి మాట్లాడుకునేవాళ్ళని చెప్తారు. మన రచ్చబండలాంటిదే గదా అనిపించవచ్చు. రచ్చబండ మీద కూర్చునేది తీర్పు చెప్పేవాళ్ళు. ఈ చెట్టుకింద చేరింది ఆ తీర్పులు పడ్డవాళ్ళు. మూడోది థామస్ స్టాండ్‌ఫీల్డ్ ఇల్లు. అతను లవ్‌లెస్‌కు బావ.

1833 అక్టోబరులో వ్యవసాయ కూలీల స్నేహసంఘం పుట్టింది. లండన్ కార్మిక సంఘాల ప్రతినిధులు ఇద్దరు వచ్చి దారి చెప్పారు. చేరడానికి ఒక షిల్లింగు, ఆ తర్వాత వారానికి ఒక పెన్నీ. హింస వల్ల సంఘం ఆశయం ఎన్నటికీ నెరవేరదని నియమావళిలోనే రాసుకున్నారు. ఏ యజమానైనా కూలి తగ్గిస్తే చేతిలో ఉన్న పనిని ఒకరికొకరు సాయం చేసుకుని ముగించి, అందరూ ఒక్కసారే ఆ చోటు వదలాలన్నది మరో నియమం. పని చెడగొట్టి పోవడం కాదు, పూర్తిచేసి పోవడం. తమ శ్రమమీద తమకున్న గౌరవం ఆ నియమంలో కనపడుతుంది.

ఆనాటి సంఘాలన్నింటిలాగే వీళ్ళూ కొత్తగా చేరేవాడికి కళ్ళకు గంతలు కట్టి, బైబిలు మీద ప్రమాణం చేయించి, గంతలు విప్పి అస్థిపంజరం బొమ్మ చూపించేవాళ్ళు. మృత్యువును గుర్తుంచుకో, మాట తప్పకు అని దాని అర్థం. 1833 డిసెంబరు 9న స్టాండ్‌ఫీల్డ్ ఇంటి మేడగదిలో అట్లా ప్రమాణం చేసినవాళ్ళలో ఎడ్వర్డ్ లెగ్ అనే కూలీ ఉన్నాడు. తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పింది అతనే. కూలివాడి మీద కూలివాడి చేతే సాక్ష్యం చెప్పించడం పాలకులకు కొత్త విద్య కాదు.

చట్టం ఎవరి చుట్టం?

కార్మికులు సంఘం పెట్టుకోవడం అప్పటికి నేరం కాదు. 1824లోనే ఆ నిషేధాన్ని ఎత్తేశారు. మరి ఏ నేరం కింద పట్టుకోవాలి? ఫ్రాంప్టన్ హోంమంత్రి లార్డ్ మెల్‌బోర్న్‌కు ఉత్తరాలు రాశాడు. ఇద్దరూ కలిసి రహస్య ప్రమాణాల చట్టాన్ని వెతికి పట్టుకున్నారు. 1797లో నౌకాదళంలో తిరుగుబాటు వచ్చినప్పుడు నావికుల కోసం చేసిన చట్టమది. పొలంలో దున్నేవాడికి దాని పేరు కూడా తెలియదు. 1834 ఫిబ్రవరి 22న సంఘంలో చేరితే ద్వీపాంతరమే అని ఊళ్ళో నోటీసులు అంటించారు. రెండు రోజులు తిరగకుండానే, 24న తెల్లవారకముందు జార్జ్ లవ్‌లెస్‌ను, అతని తమ్ముడు జేమ్స్‌ను, థామస్ స్టాండ్‌ఫీల్డ్‌ను, అతని కొడుకు జాన్‌ను, జేమ్స్ బ్రైన్‌ను, జేమ్స్ హ్యామెట్‌ను అరెస్టు చేశారు. డోర్చెస్టర్ దాకా ఆ ఏడు మైళ్ళూ నడిపించి తీసుకుపోయారు.

మార్చిలో విచారణ. కేసు నిలబడుతుందా లేదా అని తేల్చే పెద్ద జ్యూరీకి అధ్యక్షుడు విలియం పాన్సన్‌బీ. అతను హోంమంత్రి మెల్‌బోర్న్‌కు బావమరిది. ఆ జ్యూరీలో ఫ్రాంప్టన్ ఉన్నాడు, ఫ్రాంప్టన్ కొడుకు ఉన్నాడు. ఫిర్యాదు చేసినవాడే న్యాయం తూచేచోట కూర్చున్నాడన్నమాట. తీర్పు చెప్పే చిన్న జ్యూరీలో రైతులు. మేము ఎవరి పేరుకూ, ఎవరి ఆస్తికీ హాని చేయలేదు, మమ్మల్నీ మా భార్యాబిడ్డల్నీ ఆకలినుంచి కాపాడుకోవడానికే కలిశామని లవ్‌లెస్ రాసిచ్చాడు. ఆరుగురికీ ఏడేళ్ళ ద్వీపాంతరవాసం పడింది. మీరు చేసిన పనికి కాదు, ఇతరులకు గుణపాఠంగా ఈ శిక్ష అని జడ్జి అన్నట్టు లవ్‌లెస్ రాశాడు. ఆ రోజుల్లోనే దొరల రహస్య సంఘాలు ఎన్నో ప్రమాణాలు చేయిస్తుండేవి. వాటిలో ఒకదానికి సాక్షాత్తూ రాజుగారి తమ్ముడే పెద్ద. ఆయన మీద కేసు లేదు.

మగవాళ్ళను తీసుకుపోయాక ఆడవాళ్ళు ఊరి బీదల నిధినుంచి సాయం అడిగారు. ఆ నిధి వాళ్ళ హక్కు. ఫ్రాంప్టన్ ఇవ్వనివ్వలేదు. సంఘానికి చందా కట్టడానికి డబ్బున్నవాళ్ళకు సాయం ఎందుకన్నాడు. కూలివాడు నోరెత్తితే అతని ఇంట్లో పొయ్యి ఆర్పడం అన్ని దేశాల భూస్వాములకూ తెలిసిన పద్ధతే. కూలికి పిలవకపోవడం, దుకాణంలో సరుకు ఇవ్వకపోవడం అనే సాంఘిక బహిష్కరణను మన వాడలు ఎన్నిసార్లు చూశాయో లెక్కలేదు. టోల్‌పడిల్ ఆడవాళ్ళు లండన్ కార్మికుల చందాలతో నిలదొక్కుకున్నారు. వాళ్ళను బతికించింది ఊరు కాదు, ముక్కూముఖం తెలియని పట్నపు కార్మికులు.

ద్వీపాంతరం

ఐదుగురిని సర్రీ అనే ఓడలో ఆస్ట్రేలియాకు పంపారు. 1834 ఆగస్టు 17న సిడ్నీ చేరారు. జబ్బుపడిన జార్జ్ లవ్‌లెస్‌ను ఇంకో ఓడలో ఇప్పటి టాస్మానియాకు పంపారు. అక్కడ గొలుసులతో రోడ్డు పని, తర్వాత ప్రభుత్వ పొలంలో పని. జేమ్స్ హ్యామెట్ తనను ఒక పౌనుకు బానిసలాగా అమ్మారని తర్వాత చెప్పుకున్నాడు. జేమ్స్ బ్రైన్ దారిలో దొంగలకు బట్టలు, బూట్లు పోగొట్టుకుని, యజమాని మళ్ళీ ఇవ్వకపోతే వట్టికాళ్ళతోనే గుంటలు తవ్వాడు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం అదే నెల ఒకటో తారీఖున అమలులోకి వచ్చింది. ఆ రద్దు కింద 2 కోట్ల పౌన్ల పరిహారం అందింది బానిసలకు కాదు, యజమానులకు.

ఇంకొక మాట ఇంగ్లీషు కార్మికోద్యమ చరిత్రల్లో అంతగా కనపడదు. లవ్‌లెస్ గొర్రెలు కాసిన ఆ నేల ఎవరిది? టాస్మానియా ఆదివాసుల్లో చావగా మిగిలిన కొద్దిమందిని సరిగ్గా ఆ ఏళ్ళలోనే ఫ్లిండర్స్ ద్వీపానికి తరలించారు. ఒక ఊరి కూలీలను శిక్షించడానికి ఇంకొక జనం నేలను జైలుగా వాడుకున్నారు. బాధితుల చరిత్ర రాసేటప్పుడు ఆ బాధితుల కాళ్ళకింద ఎవరి నేల ఉందో కూడా చూడాలని మేము అనుకుంటున్నాం.

ఇంగ్లండులో కార్మికులు ఊరుకోలేదు. 1834 ఏప్రిల్ 21న లండన్‌లో వేలాదిమంది ఊరేగింపుగా కదిలారు. రెండు లక్షలకు పైగా సంతకాలున్న అర్జీని మోసుకుపోయారు. మెల్‌బోర్న్ ఆరోజు తీసుకోలేదు. ఆందోళన ఆగలేదు. కొత్త హోంమంత్రి జాన్ రస్సెల్ 1835లో షరతులతో, 1836 మార్చిలో షరతులు లేకుండా క్షమాభిక్ష ప్రకటించాడు. ఆ సంగతి లవ్‌లెస్‌కు ఏ అధికారీ చెప్పలేదు. నెలల తర్వాత చేతికి దొరికిన పాత లండన్ పత్రికలో చదివి తెలుసుకున్నాడు. చదువు రాకపోతే ఇంకెన్నాళ్ళు అక్కడ ఉండేవాడో! అతను 1837లో, ఇంకో నలుగురు 1838లో, హ్యామెట్ 1839లో తిరిగివచ్చారు.

తిరిగొచ్చాక

తిరిగొచ్చినవాళ్ళను ఊరు ఏం చేసింది? ఐదుగురు టోల్‌పడిల్‌లో స్థిరపడలేదు. కార్మికుల చందాలతో ఎసెక్స్ జిల్లాలో కౌలుకు పొలాలు ఇప్పించారు. అక్కడ వాళ్ళు కూలీలకు ఓటుహక్కు కోసం చార్టిస్టు సంఘం పెడితే ఆ ఊరి చర్చి గురువుకు, భూస్వాములకు కంటగింపయింది. చివరికి 1840లలో ఐదు కుటుంబాలూ కెనడాకు వలసపోయాయి. సొంత భూమి, నిశ్చింత అక్కడ దొరికాయి. అది కూడా ఆదివాసుల చేతినుంచి పోయిన నేలే.

జేమ్స్ హ్యామెట్ ఒక్కడే సొంత ఊరికి తిరిగివచ్చాడు. తాపీపనుల్లో కూలీగా బతికాడు. 1872లో జాతీయ వ్యవసాయ కూలీల సంఘం పుట్టాక కూలీలకు అతను గుర్తొచ్చాడు. 1875లో పక్క ఊరిలో సభ పెట్టి ఒక గడియారం బహూకరించారు. చూపుపోయిన ముసలితనంలో ఇంట్లోవాళ్ళకు బరువు కాకూడదని డోర్చెస్టర్ బీదల శరణాలయంలో చేరి 1891లో అక్కడే చనిపోయాడు. అతన్ని పూడ్చేటప్పుడు సంఘం గురించి ఎవరూ ఒక్క మాటా అనకుండా చూడటానికి స్థానిక భూస్వామి వచ్చి నిలబడ్డాడని చెప్పుకుంటారు. పల్లె కూలీలకు ఓటు వచ్చింది 1884లో. అంటే హ్యామెట్ బతుకులో చివరి ఏడేళ్ళు.

1934లో నూరేళ్ళయిన సందర్భంగా దేశ కార్మిక సంఘాల సమాఖ్య ఆ ఊళ్ళో ఆరుగురి పేర్లతో ఆరు ఇళ్ళు కట్టించింది. వయసు మళ్ళిన వ్యవసాయ కూలీలకు వాటిని ఇచ్చింది. హ్యామెట్ సమాధికి రాయి కూడా అప్పుడే పడింది. ఈనాటికీ ఏటా జులైలో దేశం నలుమూలల నుంచి కార్మికులు జెండాలతో అక్కడికి వస్తారు. ఇవాళ టోల్‌పడిల్ పేరు ప్రపంచానికి తెలుసంటే అది టోలా దానం వల్ల కాదు, ఫ్రాంప్టన్ బంగళా వల్ల కాదు. ఊరు వెళ్ళగొట్టిన ఆరుగురి వల్ల. ఆ జ్ఞాపకాన్ని నిలబెట్టింది గ్రామసమాజం కాదు, కూలీలు, కార్మికులు.

ఊరు, వాడ

అయితే ఆ కూలీలూ మనమూ ఒకటేనా? ఒకటి కాదు. వర్గం ఒక్కటే చాలుననే మిత్రులతో మేము ఇక్కడ విభేదిస్తాం. హ్యామెట్ ఎంత బీదవాడైనా ఊరందరినీ పూడ్చిన చర్చి ఆవరణలోనే పూడ్చారు. మాదిగవాడికి, మాలవాడికి చావులో కూడా శ్మశానం వేరు. లవ్‌లెస్ కెనడా పోయాక అతన్ని నీ పుట్టుక ఏమిటని అడిగినవాళ్ళు లేరు. మనవాడు పట్నం పోయినా, విశ్వవిద్యాలయం పోయినా ఆ ప్రశ్న వెంటే వస్తుంది. మా ఇళ్ళల్లో మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కిన మాకు ఈ సంగతి పుస్తకాలు చెప్పనక్కర్లేదు. టోల్‌పడిల్ కూలివాడిది కూలి సమస్య. వాడలో కూలి సమస్యకు అంటరానితనం తోడయింది.

తెలుగు భాష ఈ విషయంలో ఇంగ్లీషు కన్నా నిజాయితీ గలది. ఊరూ వాడా అంటాం. ఊరు వేరు, వాడ వేరు అని మాటలోనే చెప్పేస్తాం. ఇంగ్లీషులో ఆ రెంటికీ కలిపి ఒక్కటే మాట ఉండబట్టి మెట్‌కాఫ్‌కు గణతంత్రం కనపడింది. అతని లెక్కలో వాడ లేదు. అతని సొంత దేశంలో సికమోర్ చెట్టుకింద చేరినవాళ్ళు పాలకుల లెక్కలో లేనట్టే.

అందుకని గ్రామాల చరిత్ర రాయబోయే విద్యార్థులకు, ఉపాధ్యాయులకు మా విజ్ఞప్తి ఒకటే. ఏ ఊరి చరిత్రనైనా దానశాసనాల దగ్గర, గుడి దగ్గర, కరణం లెక్కల దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగించకండి. ఆ ఊళ్ళో కూలి ఎంత ఇచ్చారు, ఎప్పుడు తగ్గించారు, అడిగినవాళ్ళను ఏం చేశారు, వాళ్ళ ఆడవాళ్ళు ఎట్లా బతికారు అని అడగండి. వాడలోని ముసలివాళ్ళు ఇంకా చెప్పగలిగినప్పుడే అడిగి రాసుకోండి. లవ్‌లెస్ తన కథ తానే రాసిపెట్టాడు గనుక ఫ్రాంప్టన్ ఉత్తరాలు మాత్రమే చరిత్ర కాకుండా పోయింది. మన లవ్‌లెస్‌లు ఎందరో రాయకుండానే పోయారు. మిగిలినవాళ్ళ మాట పోకుండా చూసుకోవడం మన పని.